లేతాకు కట్టిన రేవు

పొద్దున్నే రేవు బయట లంగరేసిన తెల్లటి తెరచాప పడవ మీదనుంచి ఒకావిడ చెయ్యి ఊపింది. దొర్తే చేసిన నేరమల్లా ఆ చేతిని చూడటమే.

దొర్తే తన పడవలో తన ఊరు ఒహోయ్‌లిర్ నుంచి బజారుకు బయల్దేరింది. పడవ నిండా ఎంబల్ రొట్టెలు, కొబ్బరిబోండాలు. కర్రపెండలం పిండితో కాల్చిన ఆ ఎండు రొట్టెలు బజారుకు ఎంత ఆలస్యంగా చేరితే అంత తక్కువకు పోతాయి. అయినా చుక్కాని తిప్పింది. దగ్గరకు వెళ్లి చూస్తే ఆ తెల్లావిడ పెదాలు పొరలు లేచి ఉన్నాయి, మొహం పాలిపోయి ఉంది. తిన్నది కడుపులో నిలవనివ్వని సముద్రం మీద చాలా రోజులే వచ్చినట్టుంది. వేలితో గొంతు చూపించి, దోసిలి నోటిదాకా తీసుకెళ్లింది. దొర్తే ఇంజను ఆపి, ఒక చేత్తో ఆ పడవ కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో బోండాల గెల అందించింది. రెండు తనే చెక్కి ఇచ్చింది. ఆవిడ ఏదో ఇవ్వబోతే వద్దని తలూపింది.

అంతలో కస్టమ్స్ లాంచీ వచ్చింది.

లాంచీ ముందు భాగాన నిలబడ్డాయన హెందార్తో, కస్టమ్స్ ఆఫీసుకి పెద్ద. అయ్యగారూ అన్నట్టు అందరూ పాక్ అంటారు. జావా నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఈ ఉప్పుగాలికి కూడా ఆయన చొక్కా ఇస్త్రీ చెదరదు. లాంచీ నడిపే ఇద్రిస్ మాత్రం ఇక్కడివాడే. దొర్తే మొగుడు బతికున్నప్పుడు అతనితో కలిసి వేటకు వెళ్లినవాడు. ఆమెను చూసి కళ్లు దించుకున్నాడు.

"ఆ తెరకొయ్య మీద పసుపు జెండా కనబళ్లేదా నీకు?" అన్నాడు హెందార్తో.

"కనబడింది పాక్."

"మరి?"

"ఆవిడ దాహం కూడా కనబడింది."

ఇద్రిస్ నవ్వు దాచుకోవడానికి వంగి తాడు సర్దాడు. హెందార్తోకి అది కనబడింది. అందువల్లే ఆయన గొంతు ఇంకో మెట్టు పైకి వెళ్లింది.

"ఆ గుడ్డ ఎగురుతున్నంతసేపు ఆ పడవని ఎవరూ తాకకూడదు. లోపలివాళ్లు దిగకూడదు, బయటివాళ్లు ఎక్కకూడదు. ముందు మేం వచ్చి చూడాలి, అడగాల్సినవి అడగాలి, ముద్రలు పడాలి. ఆ తర్వాతే జెండా దిగుతుంది. వాళ్లకేం రోగాలున్నాయో, ఏం సరుకు తెచ్చారో నీకేం తెలుసు? ఇద్రిస్, ఆ పడవని కట్టి లాగు."

తన పడవని లాంచీకి కట్టి లాక్కెళ్తుంటే దొర్తే అందులోనే కూర్చుంది. కస్టమ్స్ జెట్టీ గేటు లోపల దాన్ని కట్టేసి, చుట్టూ పసుపు టేపు చుట్టారు. విచారణ అయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు. విచారణ ఎప్పుడని అడిగితే కబురు చేస్తామన్నారు. రొట్టెల బుట్టలు మాత్రం దింపుకోనిచ్చారు.

బుట్టలు పక్కన పెట్టుకుని జెట్టీ గట్టు మీద కూర్చుని చూసింది. నలుగురు ఆఫీసర్లు లాంచీలో తెల్ల పడవ దగ్గరికి వెళ్లారు. కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, ఆరోగ్యం, రేవు. పడవ చెక్క పాడవుతుందని కాబోలు, లోపల్నుంచి వచ్చిన పడవాయన వాళ్ల కాళ్లు చూపించి ఏదో అన్నాడు. నలుగురూ నోరెత్తకుండా బూట్లు విప్పి వరసగా పెట్టారు. బజారులో ముసలమ్మల అరుగుల మీదకి బూట్లతో ఎక్కే మనుషులు వీళ్లే. పడవాయన తన పడవకంటూ ఒక రబ్బరు ముద్ర చేయించుకుని తెచ్చుకున్నాడు. వీళ్ల ముద్రల పక్కన అదీ టపటపా పడింది. చూస్తుండగానే పసుపు జెండా దిగి, ఎరుపు తెలుపుల దేశం జెండా ఎక్కింది. లాంచీ తిరిగొచ్చేటప్పుడు హెందార్తో చేతిలో కొబ్బరిబోండాం ఉంది. స్ట్రా వేసుకుని తాగుతున్నాడు.

అది తను చెక్కిన చెక్కే. దొర్తే కత్తి మూడు వైపులా ఏటవాలుగా పడుతుంది, ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆమెకి ఒళ్లంతా మండింది. పడవ పోయినందుకు కూడా అంత మండలేదు.

* * *

మర్నాడు తెల్లారేసరికి ఆ తెల్ల పడవ ఒహోయ్‌లిర్ ముందు, ఆకు కట్టిన నీళ్లలో ఉంది.

ఊరి ముందు పగడపు దిబ్బకి హవేయర్ కట్టి రెండేళ్లవుతోంది. దిబ్బ చుట్టూ కర్రలు పాతి, వాటికి లేత కొబ్బరాకులు అల్లి కడతారు. ఎండిపోతే మళ్లీ కొత్తవి కడతారు. ఆ ఆకు ఉన్నంతకాలం ఆ నీళ్లలో ఎవరూ దిగరు, గాలం వెయ్యరు, మంచి ధర పలికే లోలా గుల్ల ఒక్కటి తియ్యరు. ఆకలేసినా తియ్యరు. గుల్లలు అరచేయంత పెరిగాక పెద్దలు ఆకు విప్పుతారు. అప్పుడు ఊరంతా ఒక్కసారే దిగుతుంది. ఈ ఆదివారం ప్రార్థన అవగానే విప్పాలి. ఈలోపు ఎవరైనా ఆకు దాటితే, దాటినవాడు పెద్దల ముందుకొచ్చి తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ నీళ్లకి వేసిన మూత చెడినట్టే. మళ్లీ మొదటినుంచి మొదలు.

ఈ ఏడు ఆకు కావలి దొర్తే ఇంటిది.

ఊళ్లోవాళ్లంతా ఒడ్డున చేరి చూస్తున్నారు. పడవాయన రబ్బరు బోటులో కర్రల దగ్గరికి వచ్చాడు. బోటు తాడు తీసి సరిగ్గా ఆకు కట్టిన కర్రకే కట్టాడు. ఆకుల్ని ఫోటోలు తీశాడు. తర్వాత ఒక అల్లిక తెంపి టోపీలో పెట్టుకున్నాడు. ఒడ్డున ఎవరో ముసలమ్మ పైబట్ట నోటికి అడ్డం పెట్టుకుంది.

దొర్తే మొలలోతు నీళ్లలోకి నడిచి వెళ్లి, దిబ్బ అంచున ఆగి పిలిచింది. "బాబూ, లంగరు తియ్యి. ఇక్కడ మూసి ఉంది."

అతనికి పుస్తకంలో నేర్చుకున్న నాలుగు మాటలొచ్చు. "శుభోదయం, అమ్మా. చాలా అందం. ఎవరి పెళ్లి?"

"పెళ్లి కాదు. రాకూడదు. ఆకుంటే రాకూడదు."

"నేను కాగితం ఉంది," అని నవ్వుతూ జేబు తట్టి చూపించాడు. "అన్ని ముద్ర. అన్ని దీవి సరే." తెల్ల పడవ మీద నిన్నటి ఆవిడ దొర్తేని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. "మొయిరా, నా భార్య. మీ కొబ్బరి, చాలా థాంక్స్," అన్నాడతను. మనిషి మర్యాదస్తుడే. కోప్పడడానికి కూడా చోటివ్వడు.

దొర్తే తడిబట్టలతోనే ఊరిపెద్ద ఇంటికి వెళ్లింది. ఊరిపెద్ద బోనిఫాసియుస్ ఆమె మొగుడికి అన్న. కుర్చీలో కూర్చుని వక్క కత్తిరిస్తున్నాడు. సంగతంతా ఆయనకి ముందే తెలుసని ఆ కత్తెర మరీ నెమ్మదిగా ఆడటంలోనే తెలిసిపోయింది.

"చూశారా బావగారూ?"

"ఏంటమ్మా చూసేది?"

"లంగరు దిబ్బ మీద పడింది. గొలుసు గాలికి ఇటూ అటూ ఈడుస్తోంది. కింద గుల్లలు నలిగిపోతున్నాయి."

"ఒకటి రెండు రోజులుండి పోతార్లే. ప్రభుత్వానికి చుట్టాలు వాళ్లు. మనం చూశామంటే వాళ్లొచ్చి తప్పు ఒప్పుకోవాలి, వాళ్లు రారు. అప్పుడు మూత చెడి ఆదివారం పోతుంది. రెండేళ్లు కడుపు కట్టుకుంది ఇందుకా? చూడలేదనుకో, ఏ గొడవా లేదు."

"ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది."

"నిలబడింది. చూసిందని ఎవరు చెప్పారు?"

"ఈసారి మనం చూడలేదంటే రేపు వలలవాళ్లొస్తారు బావగారూ. అప్పుడూ చూడలేదంటాం. మరి ఆ ఆకులు ఎందుకు, మేకలకి వేసుకోడానికా?"

బోనిఫాసియుస్ కత్తెర కింద పెట్టాడు. "దొర్తే, నీ పడవ వాళ్ల చేతుల్లో ఉంది. నీ కోపం నీ పడవ గురించా, దిబ్బ గురించా? ముందది తేల్చుకో."

ఆ మాట సూటిగానే తగిలింది. నిజమే, బోండాం స్ట్రా నోట్లో పెట్టుకున్న ఆ మొహం రాత్రంతా కళ్లముందు ఆడుతూనే ఉంది. అలాగని దిబ్బ అబద్ధమవుతుందా? గుల్లల కోసం కోప్పడే మనిషికి పడవ కోసం కోపం ఉండకూడదని ఎవరన్నారు? అక్కణ్ణుంచి వచ్చేసి, వెళ్లే పడవేదో ఎక్కి రేవుకి పోయింది.

* * *

హెందార్తో ఆఫీసులో ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా వాటిమీద ముద్రలు బరువుగా పెట్టి ఉన్నాయి. ఆమెను కూర్చోమన్నాడు. ఇవాళ కాస్త స్థిమితంగానే ఉన్నాడు.

"నీ పడవ గురించైతే కబురు చేస్తానన్నాగా."

"పడవ గురించి కాదు పాక్. ఆ తెల్ల పడవ మా మూసిన నీళ్లలో లంగరేసింది. మీరు చెప్తే తీస్తారు."

"నేనెలా చెప్తానమ్మా? దీవులన్నీ తిరగొచ్చని కాగితమిచ్చి, ముద్ర కొట్టిందే నేను." ఆయన నవ్వాడు. "లేతాకులు చూశాను దారిలో. మా జావాలో పెళ్లింటి ముందు కడతారు. మీ ఊళ్లో ఏకంగా సముద్రానికి పెళ్లి చేస్తున్నారా అనుకున్నా."

తలుపు దగ్గర నిలబడ్డ ఇద్రిస్ మెల్లిగా అన్నాడు. "పెళ్లి కాదు పాక్. అది..."

"తెలుసయ్యా, సరదాకన్నాను. ఆ మాటకొస్తే జకార్తాలో ఇంటిముందు పసుపు జెండా కడితే ఆ ఇంట్లో శవం ఉన్నట్టు. ఈ రేవుకొచ్చిన కొత్తలో ఇలాంటి పడవ కనబడినప్పుడల్లా ఎవరో పోయారనుకుని మనసులో ప్రార్థన చదివేవాణ్ణి."

"ఇప్పుడు చదవట్లేదా?"

"ఎందుకు చదువుతాను? దాని అర్థం వేరని తెలిసిందిగా."

"మరి అదే నేనూ అంటున్నాను పాక్," అంది దొర్తే. "గుడ్డ మీ ఊళ్లో చావు, రేవులో చట్టం. ఆకు మీ ఊళ్లో పెళ్లి, మా నీళ్లలో చట్టం. గుడ్డకి అర్థం మార్చుకున్నారుగా, ఆకుకి మార్చుకోడానికేం?"

హెందార్తో నవ్వు ఆగింది. "గుడ్డ సంగతి ప్రపంచమంతా ఒప్పుకుంది."

"మమ్మల్ని అడిగారా?"

"చూడమ్మా, నీతో వాదించే టైము లేదు నాకు. రేపు వాళ్లకి పైదీవికి పోవడానికి కాగితాలివ్వాలి, డీజిలు పట్టాలి. ఎలాగూ వెళ్లిపోతారు. ఆకుల కోసం అతిథిని లేపమంటే రేపు నా ఉద్యోగం పోతుంది. ఇంటికెళ్లు."

ఇంటికెళ్లింది. చీకటి పడకముందే పక్కింటి కుర్రాణ్ణి చెట్టెక్కించి లేతాకు కోయించింది. గుమ్మంలో కూర్చుని అల్లడం మొదలెట్టింది. ఎడమ పోగు కుడి మీదకి, మడిచి కిందకి, మళ్లీ కుడి పోగు. అత్తగారు నేర్పిన అల్లిక. ఆకు కట్టడానికి ఏ ఇంటికైనా హక్కుంది. విప్పాలంటే మాత్రం పెద్దలు రావాలి. కట్టిన ఆకు వెనకాల పెద్దలు నిలబడకపోతే కట్టినవాళ్లు ఊళ్లో తలెత్తుకోలేరు. పెళ్లిళ్లకి పిలవరు, చావులకి రారు. ఆ సంగతి దొర్తేకి తెలుసు. పోగు మీద పోగు వేస్తూ ఉన్నంతసేపూ అదే తలుచుకుంది. భయమేసింది. అయినా చేతులు ఆగలేదు.

* * *

పొద్దున కూలీలు జెట్టీకి వచ్చేసరికి గేటుకి అడ్డంగా, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి, లేత పసుపు ఆకు కట్టి ఉంది. పక్కన మట్టిలో దొర్తే కూర్చుని ఉంది.

ముందొచ్చిన కూలీ చూసి చెప్పులు విడిచి నిలబడ్డాడు. డీజిలు డ్రమ్ములు తెచ్చినవాడు బండి పక్కకి ఆపి, తలకి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. ఒకడు చర్చికి పోయేవాడు, ఒకడు మసీదుకి. ఆకు ముందు ఇద్దరూ ఒకటే. ఎవరూ ఏమీ అడగలేదు. చేపల బుట్టతో వచ్చిన ఒకామె మాత్రం, "ఎవరి ఆకే ఇది?" అంది.

"నాది."

"నీ పడవ కూడా లోపలే ఉందిగా?"

"ఉంది. నేనూ తాకను."

హెందార్తో వచ్చేసరికి గేటు బయట సంతలా ఉంది, గేటు లోపల ఈగ కూడా లేదు. "ఇదేంటి? ఇద్రిస్, తీసెయ్ దాన్ని."

ఇద్రిస్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నావల్ల కాదు పాక్."

"ఉద్యోగం కావాలా వద్దా నీకు?"

"కావాలి పాక్. ఇల్లు కూడా కావాలి. దీన్ని ముట్టుకుంటే మా అమ్మే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

హెందార్తో తనే ముందుకొచ్చాడు. ఆకు మీదకి చెయ్యి పోయింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ అరవలేదు. అందరూ ఊరికే చూస్తున్నారు. ఆ చెయ్యి అక్కడే ఆగింది. ఆకు తెంపడం చిటికెలో పని. తెంపాక లాంచీ ఎవరు నడుపుతారు, తాళ్లు ఎవరు పడతారు, డ్రమ్ములు ఎవరు దొర్లిస్తారు? ఏడాది నిండని ఉద్యోగంలో ఆయన మొదటిసారి ఆ లెక్క వేసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రబ్బరు బోటు జెట్టీ చివరికి వచ్చింది. పడవాయన, మొయిరా. కాగితాల కోసం వచ్చారు. అతను తాడు విసిరాడు. అందుకోవాల్సినవాళ్లంతా గేటు బయట ఉన్నారు. తాడు చెక్కల మీద పడి నీళ్లలోకి జారిపోయింది. ఇంకోసారి విసిరాడు. అతని టోపీలో ఇంకా ఆ ఆకు ఉంది. గేటు కమ్మీల్లోంచి అది చూసి జనంలో గుసగుస మొదలైంది. మొయిరా గేటు ఆకు వంక చూసి, మొగుడి టోపీ వంక చూసి, ఏదో అంది. అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ గుసగుసలోంచే బోనిఫాసియుస్ వచ్చాడు. ఎవరో కబురు పెట్టినట్టున్నారు. ఆయన్ని చూడగానే దొర్తే లేచి నిలబడింది. ఆయన ఆమెను చూడలేదు. ఆకు దగ్గర ఆగి, అల్లిక చూశాడు. ముడి చూశాడు. తన తల్లి వేసే ముడి అది.

"ఊరిపెద్దవి కదా నువ్వు?" అన్నాడు హెందార్తో. "ఈవిడకి చెప్పు."

బోనిఫాసియుస్ వక్క నములుతూ ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి పడవెక్కి వెళ్లిపోయాడు. తన వెనకాల నిలబడ్డాడో, చేతులు దులుపుకున్నాడో దొర్తేకి తెలియలేదు. ఆ తెలియకపోవడంలోనే మళ్లీ కూర్చుంది.

హెందార్తో ఆమె ముందుకొచ్చి గొంతు తగ్గించాడు. "ఇది ఎప్పుడు దిగుతుంది?"

"ఆకున్నంతసేపు ఎవరూ తాకకూడదు పాక్. ముందు మా పెద్దలు చూడాలి. అడగాల్సినవి అడగాలి. ఆ తర్వాతే దిగుతుంది. వీళ్లేం పట్టుకొచ్చారో, ఏం పట్టుకుపోతున్నారో మీకేం తెలుసు?"

తన మాటలే అవి. ఆయన గుర్తుపట్టాడు. మొహం ఎర్రబడింది.

* * *

పెద్దల్ని అడగడానికి ఒహోయ్‌లిర్‌కి వెళ్దామంటే కస్టమ్స్ పెద్దకి లాంచీ లేదు, అదీ ఆకు లోపలే ఉంది. రేవులో ఏ పడవా బేరానికి రాలేదు. చివరికి ఆ తెల్లవాళ్లని బజారు ఒడ్డుకు రమ్మని కేకేసి, వాళ్ల రబ్బరు బోటులోనే ఎక్కాడు. ఇద్రిస్ వెంట ఇంకో పడవలో దొర్తే వాళ్లకంటే ముందే చేరింది.

ఒడ్డున నీళ్ల అంచు దగ్గర రెండు కర్రలు పాతి, మధ్య కొత్త ఆకు కట్టి ఉంది. ఇది దొర్తే కట్టింది కాదు. దాని అవతల చాప పరిచి ఉంది. చాప మీద బోనిఫాసియుస్, ఇంకా పెద్దలు, వక్కల పళ్లెం. అది చూసి దొర్తే అక్కడే ఇసకలో కూర్చుంది.

రబ్బరు బోటు మోకాలి లోతులో ఆగింది. హెందార్తో బూట్లు చేతిలో పట్టుకుని దిగాడు. ఆకు దగ్గరకి రాగానే బోనిఫాసియుస్ అరచెయ్యి ఎత్తాడు.

"అక్కడే. ఎక్కడినుంచి వస్తున్నారు?"

"అదేంటి, నేనెవరో మీకు..."

"ఎక్కడినుంచి వస్తున్నారు పాక్?"

"రేవు నుంచి," అన్నాడు హెందార్తో.

"ఎంతమంది? జబ్బులున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా నీళ్లలోంచి ఏమైనా తీశారా?"

హెందార్తో ఒక్కొక్కటీ తెల్లవాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు. చెప్తున్నకొద్దీ పడవాయన మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. ఒళ్లో ఉన్న టోపీలోంచి ఆకు తీసి రెండు చేతులతో ముందుకు చాపాడు. మొయిరా సంచి తెరిచి, మూడు లోలా గుల్లలు తీసింది. ఒకటి లంగరు దెబ్బకి పగిలి ఉంది. ఆకు దాటకుండా తడి ఇసకలో వాటిని వరసగా పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది.

"తప్పయింది," అన్నాడు పడవాయన. పుస్తకంలో ఆ మాట కూడా ఉన్నట్టుంది.

పెద్దలు తలలు దగ్గరికి చేర్చారు. లంగరు ఇంజనుతో లాగకూడదు, మనవాళ్లు కిందికి మునిగి చేత్తో విడిపించాలి అన్నాడొకాయన. ఆదివారం సంగతేంటన్నాడు ఇంకొకాయన. తప్పు ఒప్పుకున్నాక ఆదివారానికేం అడ్డమన్నారు మిగతావాళ్లు. మళ్లీ మొదటినుంచి మాట్లాడారు. వక్కలు చేతులు మారాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. నీళ్లలో నిలబడ్డ ముగ్గురూ కాళ్లు మార్చుకుంటున్నారు. మొయిరా పెదాలు నాలుకతో తడుపుకుంది.

దొర్తే లేచింది. ఒడ్డునున్న బోండాల కుప్పలోంచి ఒకటి తీసి, మూడు వైపులా ఏటవాలుగా చెక్కింది. ఆకు దాకా వెళ్లి ఆగింది. చెయ్యి దాటించలేదు. మూతి పైకి ఉండేలా బోండాన్ని ఆకు కిందనుంచి నీటి అంచున వదిలింది. వెనక్కి తీసే అల దాన్ని మొయిరా మోకాళ్ల దగ్గరికి చేర్చింది. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని తాగింది. బోనిఫాసియుస్ చూశాడు. ఈసారి చూడనట్టు ఊరుకోలేదు, తలూపాడు.

హెందార్తో ఆ బోండాం వైపు చూశాడు, దొర్తే వైపు చూశాడు. ఆమె కత్తి తుడిచి నడుంబట్ట మడతలో దోపుకుంది. ఆయన తన వంతు మొన్నే తాగాడు.

"ఇంకెంతసేపు?" అన్నాడు బూట్లు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

బోనిఫాసియుస్ వక్క మీద కత్తెర నెమ్మదిగా ఆడించాడు.

"నిలబడండి పాక్. జెండా ఇంకా దిగలేదు."